ఇంటి కంప్యూటర్‌కి ఏ బ్యాకప్? రీస్టోర్ రోజును బట్టి తేల్చుకోండి

విండోస్ తెరుచుకోని కంప్యూటర్‌ని రిపేర్ షాపుకు తీసుకెళ్తే మొదట వినిపించే ప్రశ్న ఇది: "లోపల డేటా ఉందా, ఫార్మాట్ కొట్టేయమంటారా?" ఫొటోలు ఎలాగోలా బయటికి తీసినా అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ప్రింటర్ డ్రైవర్, టాలీ, ఆఫీస్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించాలి. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్‌తో నడిచే డీటీపీ కంప్యూటర్ అయితే ఆ పాత సీడీలు ఏ అలమరలో ఉన్నాయో వెతుక్కోవాలి. డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టుగా దాచిపెట్టే స్నాప్‌షాట్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ రెండో తిప్పలు ఉండవు.

ఇలాంటివి ఉచితంగా కొన్ని, డబ్బుకు కొన్ని దొరుకుతున్నాయి. ఏది మంచిదని అడిగితే చాలామంది బ్యాకప్ ఎంత వేగంగా అవుతుంది, స్క్రీన్ ఎంత అందంగా ఉంది అని చూస్తారు. బ్యాకప్ తీసే రోజున కంప్యూటర్ బాగానే పనిచేస్తుంటుంది, మనమూ నింపాదిగా ఉంటాం. ఆ రోజు ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే కనిపిస్తుంది. తేడా బయటపడేది దాచినదాన్ని తిరిగి తెచ్చుకోవాల్సిన, అంటే రీస్టోర్ చేయాల్సిన రోజున. అందుకే ఇక్కడ ప్రతి ఎంపికనూ ఆ రోజు నుంచే చూస్తున్నాను.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, ఏ ఆపద గురించి మీ భయం? అప్‌డేట్ లేదా డ్రైవర్ వల్ల కంప్యూటర్ మొరాయించడం ఒకటి. ఫైలు పొరపాటున డిలీట్ కావడం ఇంకొకటి. డిస్క్ పూర్తిగా చచ్చిపోవడం, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పట్టడం, ల్యాప్‌టాప్ దొంగతనానికి గురికావడం వేరే సంగతి. వీటన్నిటికీ ఒకే మందు లేదు.

రెండోది, బ్యాకప్ ఎక్కడ ఉంటుంది? అదే డిస్క్ మీదా, బయటి డిస్క్ మీదా?

మూడోది చాలామంది వదిలేసేది. విండోస్ అసలు తెరుచుకోకపోతే రీస్టోర్ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి? దానికి విడిగా బూట్ అయ్యే, అంటే విండోస్ లేకుండానే కంప్యూటర్‌ను మొదలుపెట్టే పెన్‌డ్రైవ్ కావాలి. దాన్ని కంప్యూటర్ బాగున్నప్పుడే తయారుచేసి పెట్టుకోవాలి.

వీటి తర్వాత చిన్నవి రెండు. మొత్తం డిస్క్‌ను వెనక్కి తిప్పకుండా ఒక్క ఫైలును బయటికి తీసుకోగలమా? బ్యాకప్ దానంతటదే జరుగుతుందా, లేక మనం గుర్తుపెట్టుకుని చేయాలా? గుర్తుపెట్టుకుని చేయాల్సిన బ్యాకప్ మూడో నెల నుంచి జరగదు. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు.

స్నాప్‌షాట్ అనే పేరు మీద రెండు వేరే వస్తువులు

మార్కెట్లో గందరగోళం ఎక్కువగా ఇక్కడే. విండోస్‌లో వాల్యూమ్ షాడో కాపీ అనే ఏర్పాటు ఉంది. స్నాప్‌షాట్ తీసిన క్షణం తర్వాత డిస్క్ మీద ఏ భాగమైనా మారబోతుంటే, అందులోని పాత సమాచారాన్ని ముందు పక్కన రాసిపెడుతుంది. దాంతో మీరు టాలీలో ఎంట్రీలు వేస్తున్నా, బ్యాకప్ ప్రోగ్రామ్‌కి మాత్రం ఆ క్షణం నాటి డిస్క్ కదలకుండా కనిపిస్తుంది.

సిస్టమ్ రీస్టోర్ లాంటివి ఆ పక్కన పెట్టినదాన్ని అదే డిస్క్ మీద ఉంచేస్తాయి. ఇది బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టినట్టు. డిస్క్ పోతే అదీ పోతుంది. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్లు అదే స్నాప్‌షాట్‌ను ఆసరా చేసుకుని డిస్క్ మొత్తాన్ని చదివి, బయటి డిస్క్ మీద ఒక పెద్ద ఫైలుగా రాస్తాయి. స్నాప్‌షాట్ పని అయిపోయాక చెరిగిపోతుంది, ఇమేజ్ మిగులుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ తన ప్రకటనలో స్నాప్‌షాట్ అంటే ఈ రెండిట్లో ఏదో ముందు కనుక్కోండి.

రాన్సమ్‌వేర్ విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేయడంతో పాటు ఆ డిస్క్ మీద ఉన్న షాడో కాపీలను చెరిపేసే ఆదేశం కూడా ఆ ప్రోగ్రామ్‌లో ఉంది. ఆ తర్వాత వచ్చిన చాలా రాన్సమ్‌వేర్లదీ ఇదే పద్ధతి.

ఒక్క చూపులో

| ఎంపిక | చెడ్డ అప్‌డేట్ | డిస్క్ పోతే | ఒక్క ఫైలు కావాలంటే | దానంతటదే జరుగుతుందా | ఖర్చు |
|---|---|---|---|---|---|
| సిస్టమ్ రీస్టోర్ | పనికొస్తుంది | పనికిరాదు | సొంత ఫైళ్లను ముట్టుకోదు | కొంతవరకు | విండోస్‌లోనే ఉంది |
| వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ | పనికొస్తుంది | పనికొస్తుంది | తేలిక | అవును | ఉచితం |
| మాక్రియమ్ రిఫ్లెక్ట్ | పనికొస్తుంది, వేగంగా | పనికొస్తుంది | తేలిక | అవును | చందా |
| డ్రైవ్ స్నాప్‌షాట్ | పనికొస్తుంది | పనికొస్తుంది | తేలిక | మనమే అమర్చుకోవాలి | లైసెన్స్ కొనాలి |
| క్లోన్‌జిల్లా | పనికొస్తుంది | పనికొస్తుంది | కష్టం | కాదు | ఉచితం |
| రెస్క్యూజిల్లా | పనికొస్తుంది | పనికొస్తుంది | వీలవుతుంది | కాదు | ఉచితం |

సిస్టమ్ రీస్టోర్

ఇది బ్యాకప్ కాదు, కానీ ఆన్ చేసి ఉంచుకోవాలి. చాలా కంప్యూటర్లలో ఆఫ్‌లో ఉంటుంది, ఒకసారి చూసుకోండి. కొత్త డ్రైవర్ వేశాక స్క్రీన్ నల్లబడితే, విండోస్ రికవరీ స్క్రీన్ నుంచి పాత పాయింట్‌కు వెళ్లడం కొన్ని నిమిషాల పని. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో 60 రోజులు దాటిన పాయింట్లు నిలవవు. ఆర్నెల్ల కింద బాగుండేది అంటే ఇది ఏమీ చేయలేదు.

విండోస్‌లోనే ఇంకో రెండు ఉన్నాయి. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 పేరుతో మిగిలిన పాత సిస్టమ్ ఇమేజ్ సాధనం ఇప్పటికీ పనిచేస్తుంది కానీ మైక్రోసాఫ్ట్ 2017లోనే దాన్ని పక్కన పెట్టే జాబితాలో చేర్చింది. పైగా పాతదానికంటే చిన్న డిస్క్ మీదికి రీస్టోర్ కాదు. 1 టీబీ హార్డ్‌డిస్క్ తీసేసి 512 జీబీ ఎస్ఎస్‌డీ వేసుకునేవాళ్లు ఎక్కువైన ఈ రోజుల్లో ఇది చిన్న లోటు కాదు. విండోస్ బ్యాకప్ అనే కొత్త యాప్ పేరు చూసి మోసపోకండి. అది ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కి పంపుతుంది, సెట్టింగులు గుర్తుపెట్టుకుంటుంది. టాలీని, పేజ్‌మేకర్‌ని తిరిగి తేలేదు. ఉచితంగా ఇచ్చే చోటు కూడా 5 జీబీనే.

వీమ్ ఏజెంట్, ఉచిత వెర్షన్

పెద్ద కంపెనీల సర్వర్ల కోసం సాఫ్ట్‌వేర్ చేసే సంస్థ ఇంటి కంప్యూటర్లకు ఉచితంగా ఇచ్చేది ఇది. డబ్బు పెట్టకుండా కావాలనుకునే విండోస్ వాళ్లకు నా మొదటి సలహా ఇదే.

మొదటిసారి మొత్తం డిస్క్ ఇమేజ్ తీస్తుంది. తర్వాత నుంచి మారిన భాగాలే తీస్తుంది కాబట్టి రోజువారీ బ్యాకప్ త్వరగా ముగుస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చినవి రెండు సెట్టింగులు. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించగానే బ్యాకప్ మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. అయిపోగానే డిస్క్‌ను దానంతటదే ఎజెక్ట్ చేసేలా కూడా పెట్టుకోవచ్చు. ఎజెక్ట్ అయిన డిస్క్ జోలికి రాన్సమ్‌వేర్ తేలిగ్గా వెళ్లలేదు. ఇంట్లో కంప్యూటర్ వాడేవాళ్లకు మీరు చెప్పాల్సింది "ఆదివారం ఈ డిస్క్ గుచ్చండి" అన్న ఒక్క మాటే.

రీస్టోర్ రోజున ఎలా ఉంటుంది? ముందే చేసిపెట్టుకున్న రికవరీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, బయటి డిస్క్‌లో బ్యాకప్ ఎంచుకుని, ఏ తేదీది కావాలో చెబితే చాలు. ఆ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు ఈ కంప్యూటర్ డ్రైవర్లను కూడా కలపమని అడిగే టిక్‌ను వదిలేయకండి. ఎందుకో కింద చెబుతాను.

లోటు కూడా ఉంది. భాష కంపెనీ ఐటీ వాళ్లది. జాబ్, రిటెన్షన్, వాల్యూమ్ లెవెల్ లాంటి మాటలు చూసి కొత్తవాళ్లు బెదురుతారు. ఎంపికల దగ్గర మొత్తం కంప్యూటర్ అన్నది తీసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. ఇంకోటి, మారిన భాగాల బ్యాకప్‌లు ఒకదాని మీద ఒకటి ఆధారపడిన గొలుసు. మధ్యలో ఒక ఫైలు పాడైతే ఆ తర్వాతి తేదీలన్నీ పోతాయి. డిస్క్ నిండిందని ఆ ఫోల్డర్‌లో ఫైళ్లను చేత్తో డిలీట్ చేయడం ఇందుకే ప్రమాదం.

మాక్రియమ్ రిఫ్లెక్ట్

చాలా ఏళ్లపాటు ఇంటి వాడకందార్లందరికీ చెప్పే పేరు ఇదే, ఎందుకంటే ఉచిత వెర్షన్ ఉండేది. 2024 జనవరి 1 నుంచి దానికి మద్దతు ఆగిపోయింది. ఇప్పటికీ ఆ పాత ఉచిత వెర్షన్ ఏవేవో సైట్ల నుంచి దించుకుని వాడేవాళ్లున్నారు. డిస్క్ మొత్తం మీద అధికారం ఉండే ప్రోగ్రామ్‌ని ఊరూపేరూ లేని చోటు నుంచి దించుకోవడం నేను ఒప్పుకోను.

డబ్బు పెట్టగలిగితే మాత్రం రీస్టోర్ రోజున దీని అనుభవమే సుఖం. ఇమేజ్‌తో పోలిస్తే డిస్క్ మీద ఏ భాగాలు మారాయో చూసి వాటినే తిరిగి రాయగలదు. చెడ్డ అప్‌డేట్ తర్వాత మొత్తం 200 జీబీ మళ్లీ రాయాల్సిన పని ఉండదు. వేరే మదర్‌బోర్డు ఉన్న కంప్యూటర్ మీదికి పాత విండోస్‌ను తరలించే ఏర్పాటు ఉంది. బ్యాకప్ ఫైళ్లను ఇతర ప్రోగ్రాములు మార్చకుండా అడ్డుకునే కాపలా కూడా ఉంది. ఇప్పుడది చందా పద్ధతి. నెల రోజుల ట్రయల్‌లో ఒక ఇమేజ్ తీసి, రెస్క్యూ పెన్‌డ్రైవ్ బూట్ చేసి చూశాకే కొనండి.

డ్రైవ్ స్నాప్‌షాట్

జర్మనీ నుంచి వచ్చే చిన్న ప్రోగ్రామ్. సైజు 1 ఎంబీ కూడా ఉండదు, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. స్క్రీన్ చూస్తే విండోస్ 98 రోజులు గుర్తొస్తాయి. విండోస్ నడుస్తుండగానే ఇమేజ్ తీస్తుంది. ఆ ఇమేజ్‌ను ఒక డ్రైవ్ లెటర్‌గా తెరిచి, మామూలు ఫోల్డర్‌లోంచి తీసుకున్నట్టే ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు.

దీని తర్వాతి బ్యాకప్‌లు గొలుసు కాదు. ప్రతిదీ మొదటి పూర్తి ఇమేజ్‌తోనే పోల్చి తీసినది. అందువల్ల రీస్టోర్‌కి రెండే కావాలి, మొదటిదీ, మీరు ఎంచుకున్న తేదీదీ. మధ్యవి పాడైనా దిగులు లేదు. కాకపోతే రోజులు గడిచేకొద్దీ తేడా పెరిగి సైజు పెరుగుతుంది. షెడ్యూల్ కోసం కమాండ్ రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించాలి. సీ డ్రైవ్‌ను వెనక్కి తేవాలంటే వేరే బూట్ డిస్క్ నుంచి నడపాలి, అది కూడా మీరే సిద్ధం చేసుకోవాలి. నాలుగైదు కంప్యూటర్లు చూసుకునే చేయి తిరిగినవాళ్లకు ఇది హాయి. కమాండ్ ప్రాంప్ట్ అంటే ఏమిటని అడిగేవాళ్లకు కాదు.

క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా

క్లోన్‌జిల్లా తైవాన్‌లోని ప్రభుత్వ సూపర్ కంప్యూటింగ్ కేంద్రం నుంచి వచ్చిన ఉచిత సాధనం. విండోస్‌తో సంబంధం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది. అంటే బ్యాకప్‌కి వాడిందే రీస్టోర్‌కీ వాడతారు. ఒక్కసారి బ్యాకప్ తీశారంటే మీ కంప్యూటర్‌లో ఆ పెన్‌డ్రైవ్ బూట్ అవుతుందని, డిస్కులు కనిపిస్తున్నాయని అప్పుడే రుజువైనట్టే. మిగతా వాటిలో ఈ భరోసా విడిగా సంపాదించుకోవాలి. లైసెన్స్ గడువు గొడవ కూడా లేదు.

బదులుగా చాలా వదులుకోవాలి. ప్రతిసారీ మొత్తం ఇమేజే, మారినంత వరకే తీయడం ఉండదు. ఆ సమయంలో కంప్యూటర్‌తో వేరే పని చేయలేరు. మామూలు పద్ధతిలో చిన్న డిస్క్ మీదికి రీస్టోర్ కాదు. నీలం స్క్రీన్, ఇంగ్లిష్ మెనూలు, ఒక దాని తర్వాత ఒకటి ప్రశ్నలు. ఏ డిస్క్ నుంచి, ఏ డిస్క్ మీదికి అన్న చోట తారుమారు చేస్తే మంచి డిస్క్ మీద పాతది రాసేస్తుంది. అక్కడ డిస్క్ సైజు, కంపెనీ పేరు చదివి నిర్ధారించుకున్నాకే ఎంటర్ నొక్కండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉన్న పార్టిషన్‌లో ఏ భాగం ఖాళీయో దానికి తెలియదు కాబట్టి మొత్తాన్ని అక్షరం అక్షరం కాపీ చేస్తుంది, ఇమేజ్ పార్టిషన్ అంత అవుతుంది. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్‌ను ముందే ఆఫ్ చేయాలి, లేకపోతే సీ డ్రైవ్ సగం నిద్రలో ఉందని మొరాయిస్తుంది.

మెనూలకు భయపడేవాళ్లకు రెస్క్యూజిల్లా ఉంది. మౌస్‌తో నడుస్తుంది, క్లోన్‌జిల్లా తీసిన ఇమేజ్‌లను అర్థం చేసుకుంటుంది, ఇమేజ్‌లోంచి విడి ఫైళ్లు కూడా చూపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు మాత్రమే బ్యాకప్ తీసే ఇంటికి ఇది చాలు.

మ్యాక్, లినక్స్ వాళ్లకు

మ్యాక్‌లో ఎంపిక గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. 2007 నుంచి టైమ్ మెషిన్ ఉంది. గంటగంటకూ, తర్వాత రోజువారీ, ఆపైన వారానికొకటి చొప్పున తీసి ఉంచుతుంది. మ్యాక్ స్టోరేజ్‌కి కనీసం రెట్టింపు డిస్క్ పెట్టమని ఆపిల్ సలహా. బయటి డిస్క్ తగిలించకపోయినా లోపల స్నాప్‌షాట్లు కనిపిస్తాయి, వాటిని చూసి ధీమా పడకండి. అవి ఒక రోజు ముచ్చట.

లినక్స్ మింట్‌లో టైమ్‌షిఫ్ట్ వస్తుంది. అది సిస్టమ్ ఫైళ్ల కోసం. హోమ్ ఫోల్డర్‌లోని మీ ఫొటోలను మామూలుగా వదిలేస్తుంది. ఈ సంగతి తెలియక, బ్యాకప్ ఉంది కదా అని డిస్క్ ఫార్మాట్ చేసేవాళ్లుంటారు. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ పద్ధతిలో అయితే లినక్స్ ఫార్మాట్ చేసిన బయటి డిస్క్ మీద పెట్టొచ్చు. బీటీఆర్ఎఫ్ఎస్ అనే లినక్స్ డిస్క్ ఫార్మాట్ మీద స్నాప్‌షాట్ పద్ధతిలో క్షణాల్లో అవుతుంది కానీ అదే డిస్క్ మీద ఉంటుంది. ఓపెన్‌సూసె అనే ఇంకో లినక్స్‌లో స్నాపర్ ఇంకో అడుగు ముందుకెళ్లి, బూట్ మెనూలోంచే పాత స్నాప్‌షాట్‌లోకి వెళ్లనిస్తుంది.

ఎవరికి ఏది

పిల్లల చదువు, పెళ్లి ఫొటోలు, బ్యాంకు పనులు ఉండే మామూలు ఇంటికి వీమ్ చాలు. ఫొటోలను మాత్రం ఇమేజ్‌లోనే నమ్ముకుని ఉంచొద్దు. వాటిని మామూలు ఫైళ్లుగా ఇంకో డిస్క్ మీద కాపీ పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ ఇమేజ్ తెరిచే ప్రోగ్రామ్ దొరక్కపోవచ్చు, జేపీజీ మాత్రం తెరుచుకుంటుంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ అదనంగా ఉంటే మంచిదే, కానీ ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుందని గుర్తుంచుకోండి.

టాలీతో నడిచే చిన్న దుకాణానికి ఆగిన గంటకో లెక్క. మాక్రియమ్ చందా అక్కడ దండగ కాదు. రెండు బయటి డిస్కులు కొని వారం వారం మార్చి, ఒకటి ఇంట్లో ఉంచుకోవడం నేనైతే తప్పనిసరి అంటాను. టాలీ డేటా ఫోల్డర్ బ్యాకప్ రోజూ విడిగా ఉండాలి. నిన్నటి ఎంట్రీల కోసం మొత్తం కంప్యూటర్‌ను వెనక్కి తిప్పడం అర్థం లేని పని.

డీటీపీ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి మారదు. అంతా సరిగ్గా పనిచేస్తున్న రోజున క్లోన్‌జిల్లాతో ఒక్క ఇమేజ్ తీసి దాచుకుని, తర్వాత పనుల ఫైళ్లను మాత్రం రోజూ కాపీ చేసుకోవడం చౌక, సులువు కూడా.

విండోస్ 10 మీద ఉన్నవాళ్లకు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. 11కి మారే ముందు ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా సరే ఇమేజ్ తీయండి. నచ్చకపోతే వెనక్కి వెళ్లే సౌకర్యం విండోస్ ఇచ్చేది మామూలుగా 10 రోజులే.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్ చూసుకునేవాళ్ల లెక్క వేరు. విండోస్ తెరుచుకోకపోతే దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపించే ఎనీడెస్క్ కూడా తెరుచుకోదు. అప్పుడు మిగిలేది వాట్సాప్ వీడియో కాల్. "నాన్నా, ఆ ఎర్ర పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేయండి" అని చెబితే జరిగిపోవాలి. క్లోన్‌జిల్లా ప్రశ్నలకు ఫోన్లో జవాబులు చెప్పించే టెన్షన్ పెట్టుకోకండి. మాక్రియమ్ లేదా వీమ్ పెట్టి, బూట్ మెనూ ఏ కీతో వస్తుందో కంప్యూటర్ మీదే కాగితం అంటించి రండి.

డిస్క్ కొనేముందు, కొన్నాక

వాడిన చోటుకు కనీసం రెట్టింపు ఉన్న డిస్క్ తీసుకోండి. ఫొటోలు, వీడియోలు ఇమేజ్‌లో పెద్దగా కుదించుకోవు. వేగం డిస్క్‌తో పాటు పోర్టును బట్టి కూడా ఉంటుంది. 200 జీబీ రీస్టోర్ సెకనుకు 100 ఎంబీ చొప్పున యూఎస్‌బీ 3 మీద అరగంట దాటి కాస్త పడుతుంది, యూఎస్‌బీ 2 మీద సెకనుకు 30 ఎంబీ అనుకుంటే దాదాపు గంటా యాభై నిమిషాలు. రీస్టోర్ మధ్యలో కరెంట్ పోతే మళ్లీ మొదటికే వస్తుంది. యూపీఎస్ ఆ రోజుకైనా అరువు తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయకండి. డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్ ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసుకుని, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. విండోస్ నడుస్తుండగా తీసిన ఇమేజ్‌లో డేటా తాళం లేకుండా ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి బిట్‌లాకర్ వేసి, ఇమేజ్ ఉన్న డిస్క్‌ను టేబుల్ మీద వదిలేస్తే ప్రయోజనం లేదు. ఇమేజ్‌కి పాస్‌వర్డ్ పెట్టే వీలున్న చోట పెట్టండి.

చివరిగా, రెస్క్యూ పెన్‌డ్రైవ్‌ను ఒకసారి బూట్ చేసి చూడండి. లోపలి డిస్క్, బయటి డిస్క్ రెండూ కనిపించాలి. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నిట్లో వీఎండీ అనే సెట్టింగ్ వల్ల లోపలి ఎస్ఎస్‌డీ అసలు కనిపించదు. పైన డ్రైవర్ల టిక్ గురించి చెప్పింది ఇందుకే. కనిపించకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ దించుకుని, దాన్ని కలిపి పెన్‌డ్రైవ్ మళ్లీ తయారుచేయండి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, అంటే బయాస్‌లో వీఎండీ ఆఫ్ చేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. అలా చేస్తే రెస్క్యూ పెన్‌డ్రైవ్‌కి డిస్క్ కనిపించవచ్చు కానీ బాగా నడుస్తున్న విండోస్ బూట్ కావడం ఆగిపోవచ్చు, కాబట్టి డ్రైవర్ దారే పట్టండి.